సముద్రం కింద నాలుగు నిమిషాలు

ఇస్తాంబుల్ నగరంలో ఆసియా ఒడ్డున ఉన్న ఉస్కుదార్‌లో రైలెక్కితే, ఐరోపా ఒడ్డున ఉన్న సిర్కెజీలో దిగడానికి సుమారు నాలుగు నిమిషాలు పడుతుంది. నడుమ ఉన్నది బాస్ఫరస్ జలసంధి. గత సంవత్సరం కుటుంబ సమేతంగా ఆ నగరాన్ని సందర్శించినప్పుడు మేమూ ఆ రైలెక్కాము. కిటికీలో చీకటి తప్ప మరేమీ కనిపించలేదు. మన తలల మీదుగా ఓడలు సాగిపోతున్నాయని చెప్పగానే మా ఇంటావిడ కళ్లు మూసుకొని దుఆ చదువుకోసాగింది. ఇంజనీరింగు చదువుతున్న మా అబ్బాయి మాత్రం, "అబ్బా, దీన్ని పూర్తి చేయించిన మంత్రి కూడా ఇంజనీరేనట!" అన్నాడు. వాడి గొంతులో గర్వం వినిపించింది. తన వృత్తివాడు మరి.

ఆ మంత్రి పేరు బినాలీ యిల్దిరిమ్. ఆ రాత్రి బసలో కూర్చుని ఆయన గురించి దొరికినంతా చదివాము. 1955లో తూర్పు టర్కీలోని ఎర్జింజాన్ ప్రాంతంలో, రెఫాహియే అనే చోట ఆయన జన్మించారు. సముద్రం కనిపించని కొండసీమ అది. అక్కడి నుంచి వచ్చి ఇస్తాంబుల్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఓడల నిర్మాణ శాస్త్రాన్ని అభ్యసించారు. చాలాకాలం నౌకానిర్మాణ రంగంలోనే పనిచేశారు. 1994లో ఎర్డోగాన్ నగర మేయరైనప్పుడు, ప్రయాణికులను వేగంగా ఒడ్డు దాటించే నగర సముద్ర బస్సుల సంస్థ ఆయన చేతికి వచ్చింది. 2002లో రవాణా మంత్రి అయ్యారు. కొద్దిపాటి విరామాలతో 2013 చివరి వరకు ఆ పదవిలోనే ఉన్నారు. ఆ విరామాలకూ కారణముంది. సార్వత్రిక ఎన్నికలకు ముందు రవాణా మంత్రి తన పదవి నుంచి తప్పుకోవాలని నాటి వారి రాజ్యాంగం శాసించింది. మంచి నియమమే అనిపించింది మాకు. ఆయన హయాంలో, నడుమ విభజన గల రహదారులు సుమారు 6,000 కిలోమీటర్ల నుంచి 20,000 కిలోమీటర్లు దాటాయి. 2009లో అంకారా, ఎస్కిషెహిర్ నగరాల మధ్య హైస్పీడు రైలు మొదలైంది.

ఇంతవరకు మా అబ్బాయి ఉత్సాహంగానే చదివి వినిపించాడు. 2004 జూలై 22 దగ్గరకు వచ్చేసరికి వాడి గొంతు తగ్గింది.

ఇస్తాంబుల్ నుంచి అంకారాకు ప్రయాణకాలం తగ్గించాలని ఆ వేసవిలోనే ఒక కొత్త వేగవంతపు రైలును ప్రవేశపెట్టారు. రైలైతే కొత్తది గాని, పట్టాలు పాతవే. మలుపులూ పాతవే. ఇది ప్రమాదకరమని నిపుణులు ముందుగానే హెచ్చరించారు. అయినా రైలు నడిచింది. ప్రారంభమై రెండు నెలలైనా నిండకముందే పాముకోవా సమీపంలో పట్టాలు తప్పింది. గంటకు 80 కిలోమీటర్లు మించరాని మలుపులోకి అది 130కి పైగా వేగంతో ప్రవేశించింది. 41 మంది మరణించారు.

మంత్రి రాజీనామా చేయాలని దేశంలో పెద్ద ఎత్తున డిమాండు వచ్చింది. ఆయన చేయలేదు. విచారణ రైలు నడిపినవారి మీద సాగింది. ఏళ్ల తరబడి నడిచిన ఆ కేసుకు చివరకు కాలదోషం పట్టింది.

"వేగం పెంచితే మలుపులో ఏమవుతుందో మాకు మొదటి సంవత్సరంలోనే చెబుతారు అబ్బా. ఓడలు కట్టినాయనకు తెలియదా?" అని అడిగాడు మా అబ్బాయి. తెలియకపోవడానికి వీలులేదనే మేమూ అనుకున్నాము. అదే మమ్మల్ని ఎక్కువ బాధించింది. తెలియనివాని పొరపాటును క్షమించడం తేలిక. తెలిసినవాడు మంత్రి కుర్చీలో కూర్చుంటే, ఆ తెలివి అతని చేతిలో ప్రజలు ఉంచిన అమానత్ అవుతుంది.

విచిత్రమేమంటే, మేము ప్రయాణించిన ఆ సొరంగపు పనులు మొదలైనదీ 2004లోనే. అక్కడ మాత్రం తొందర సాగలేదు. యెనికాపీ వద్ద తవ్వుతుండగా బైజాంటియన్ కాలపు రేవు బయటపడింది. 37 పాత ఓడల అవశేషాలు లభించాయి. ఓడల ఇంజనీరు తలపెట్టిన పనికి వెయ్యేళ్లనాటి ఓడలే అడ్డు నిలిచాయన్నమాట! పురావస్తు శాస్త్రజ్ఞులు పని ముగించేదాకా రైలు ఆగింది. జాప్యం మీద పాలకులు బాహాటంగానే విసుక్కున్నారు, కాని ఆగక తప్పలేదు. భూకంపాలు పుట్టే పగులు దగ్గరలోనే ఉన్నందున దానికి తట్టుకునేలా గొట్టాలను రూపొందించి, 11 ఖండాలుగా సముద్రగర్భంలోకి దించి అతికించారు. అత్యంత లోతైన చోటు నీటిమట్టానికి సుమారు 60 మీటర్ల దిగువన ఉంది. అనుకున్నదానికి నాలుగేళ్లు ఆలస్యంగా, 2013 అక్టోబరు 29న రైలు కదిలింది. మా ఇంటావిడ భయపడిన ఆ నాలుగు నిమిషాల వెనుక ఇంత ఓపిక ఉంది.

అటుపిమ్మట ఆయన 2016లో ప్రధానమంత్రి అయ్యారు. మరుసటి ఏడు ఆ పదవినే రద్దుచేసే సవరణ కోసం తానే ప్రచారం చేసి, దేశపు చివరి ప్రధానమంత్రిగా మిగిలారు. 2019లో ఇస్తాంబుల్ మేయరు పదవికి పోటీచేసి స్వల్ప తేడాతో ఓడారు. ఆ ఎన్నికను రద్దుచేసి మళ్లీ జరిపితే ఎనిమిది లక్షల ఓట్ల తేడాతో ఓడారు.

మరునాడు ఉదయం సముద్రపు ఒడ్డునున్న హైదర్‌పాషా స్టేషనుకు వెళ్లాము. పాముకోవాలో పడిపోయిన ఆ రైలు బయలుదేరినది అక్కడి నుంచే. రైళ్లు ఆగి ఏళ్లయింది, మరమ్మతులు జరుగుతున్నాయి. లోపలికి వెళ్లే వీలులేక బయటి మెట్ల దగ్గరే నిలబడ్డాము. మా ఇంటావిడ చేతులెత్తి ఫాతిహా చదివింది. మా అబ్బాయి ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఒక్క ఫోటో కూడా తీయలేదు.