'ఇంటి సమస్యలు'

నాన్న పెన్షన్ కాగితాలన్నీ అమ్మ ట్రంకుపెట్టెలోనే ఉండేవి. ఆమెకి ఇంగ్లీషు రాదు. 2003లో జబ్బు చేసిందని నాన్నని సైన్యం నుంచి పంపేసినప్పుడు, మెడికల్ బోర్డు కాగితాన్ని ఇంటర్ చదువుతున్న నాతో చదివించుకుంది.

డిప్రెషన్. వైకల్యం 40 శాతం, జీవితాంతం. సర్వీసు వల్ల వచ్చింది కాదు, సర్వీసు వల్ల ముదిరిందీ కాదు. కారణం అన్నచోట రెండే మాటలు: 'ఇంటి సమస్యలు'.

"అంటే నేనేనా?" అంది అమ్మ.

అప్పటి నియమాల ప్రకారం వైకల్యం 20 శాతం ఉంటే చాలదు, ఆ జబ్బుకి ఉద్యోగంతో సంబంధం ఉందని కూడా తేలాలి. లేదని రాశారు కాబట్టి మామూలు పెన్షనే వచ్చింది, వైకల్యానికిచ్చే భాగం రాలేదు. నాన్న ఏడాదిలో ఇంట్లో ఉన్నది రెండు మూడు నెలలు. మిగతా రోజులు మంచుకొండల్లో, సరిహద్దుల్లో. జబ్బు మాత్రం ఇంట్లో పుట్టిందట! అమ్మని ఒక్క ప్రశ్న అడిగినవాళ్లు లేరు. నాయనమ్మ మాత్రం ఆ కాగితాన్ని వేదంలా నమ్మింది.

ధరమ్‌వీర్ సింగ్ అనే సైనికుడు 1985లో చేరాడు. మూర్ఛవ్యాధి అని 1994లో పంపేశారు. వైకల్యం 20 శాతం, పెన్షన్ లేదు. 2013లో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. చేరేటప్పుడు రికార్డులో లేని జబ్బు తర్వాత వస్తే, అది సర్వీసు వల్లే వచ్చిందనుకోవాలి. కాదని రుజువు చేయాల్సింది ప్రభుత్వమే. బోర్డు కారణాలు చెప్పాలి అంది. ఆ తీర్పు పట్టుకుని మేమూ ట్రిబ్యునల్‌కి వెళ్లాం. 2016లో గెలిచాం. 40 శాతాన్ని 50గా లెక్కగట్టి ఇచ్చారు.

ఉత్తర్వు చదివి వినిపించాను. అమ్మ అంతా విని, "మరి ఆ మాట కొట్టేశారా?" అని అడిగింది.

కొట్టేయలేదు. కేసు నాన్న పెన్షన్ గురించి. అమ్మ గురించి కాదు.

నాన్న అర్ధరాత్రి బావివైపు నడిస్తే వెనకాలే నడిచింది అమ్మ. ఇంట్లో తాళ్లూ, కిరోసిన్ డబ్బా దాచిపెట్టింది. కనిపెట్టుకుని ఉండే మనిషి కోసం ఒక భత్యం ఉంది కానీ, అది నూరు శాతం వైకల్యం ఉన్నవాళ్లకే, అదీ సైనికుడి పేరునే. జబ్బుకి కారణం వెతికేటప్పుడు కనిపించిన ఆడమనిషి, ఆ జబ్బుని మోసేటప్పుడు ఏ లెక్కలోనూ కనిపించలేదు.

రెండు కాగితాలూ ఇప్పటికీ ఆ పెట్టెలోనే ఉన్నాయి. బోర్డు అడగని సాక్ష్యాన్ని నేనిక్కడ రాస్తున్నాను: ఆ ఇంట్లో నేనున్నాను. మా అమ్మ నాన్న జబ్బుకి కారణం కాదు.