ఇద్దరి పేర్లున్న గది

హైదరాబాదులో అమీర్‌పేట చూడాలంటే సాయంత్రం పూట వెళ్లాలి. మియాపూర్–ఎల్బీనగర్, నాగోల్–రాయదుర్గం మెట్రో దారులు రెండూ కలిసేది అక్కడే. 2017 నవంబరులో ఆ స్టేషను తెరిచారు. కిందికి దిగితే మైత్రీవనం చుట్టూ ఎటు చూసినా కంప్యూటరు కోర్సుల బోర్డులే! భుజాన సంచీలతో, ఉద్యోగం వేటలో ఊళ్లనుంచి వచ్చిన కుర్రకారు. ఎస్సార్ నగర్ సందుల్లోకి మళ్లితే మరో రకం బోర్డులు: ‘టులెట్’, ‘బ్యాచిలర్లకు గదులు’.

ఇద్దరు కలిస్తే అద్దె సగమవుతుంది కదా! మా అక్కయ్య కొడుకూ అలాగే వరంగల్ కుర్రవాడొకడితో కలిసి మూడో అంతస్తులో ఓ వాటా తీసుకున్నాడు. నెలకు 14,000 అద్దె, రెండు నెలల అడ్వాన్సు. మొదట్లో ఒక కంచంలో తిన్నారు. తరువాత అంట్లు ఎవరు తోమాలన్న పేచీ మొదలై, అర్ధరాత్రి ఫోను కబుర్ల మీదుగా, మాటలు మానేసేదాకా వచ్చింది. నేను వెళ్లేసరికి మావాడు పెట్టె సర్దేశాడు.

“నేను పోతున్నాను మామయ్యా! ఇక ఈ గదితో నాకేం పని?” అన్నాడు.

ఇల్లుగలావిడ నవ్వి, “పత్రం మీద ఇద్దరి సంతకాలూ ఉన్నాయి నాయనా. అద్దె ఎవరిచ్చినా నాకొకటే” అంది.

ఆవిడ మాట సబబే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 43వ సెక్షను ప్రకారం, వేరేగా రాసుకోకపోతే, ఇద్దరు కలిసి ఒప్పుకున్న బాకీని ఏ ఒక్కరినుంచైనా పూర్తిగా అడగవచ్చు. కట్టినవాడు రెండోవాడి వాటా వాడినుంచి రాబట్టుకోవాలి. అద్దె పత్రాన్ని చాలామంది పదకొండు నెలలకే రాసుకుంటారు. వీళ్ల పత్రంలో ఇంకా నాలుగు నెలలున్నాయి.

వరంగల్ కుర్రవాడు గోడకేసి చూస్తూ, “మీవోడు పోతే మొత్తం నామీదనే పడ్తది. నాకింక కొలువు రాలే” అన్నాడు. ఆ మాటకు మావాడు పెట్టె కింద పెట్టాడు.

ముగ్గురినీ కూర్చోబెట్టాం. నెల రోజులు గడువు. ఆలోగా వరంగల్ కుర్రవాడు తన ఊరివాణ్ణే ఒకణ్ణి తెచ్చాడు. పాత పత్రం ఫలానా తేదీతో రద్దయిందని రాసి ముగ్గురూ సంతకాలు చేశారు. కరెంటు మీటరు అంకె ఫొటో తీశారు. కొత్తవాడి పేరుతో కొత్త పత్రం వచ్చింది. అడ్వాన్సులో సగం, 14,000, కొత్తవాడే మావాడి చేతిలో పెట్టాడు. “పైసలు ముట్టినయని రాసియ్యి” అని వరంగల్ కుర్రవాడు పట్టుబట్టి రసీదు రాయించాడు. మంచి పనే చేశాడు.

పిల్లల్ని పట్నం పంపేటప్పుడు ఆవకాయ జాడీ మరిచిపోము. దానితోపాటు, ఒకడు మధ్యలో వెళ్లిపోతే అద్దె ఎవరిది, అడ్వాన్సు ఎవరిది అన్న రెండు ముక్కలు ముందే రాయించుకోమని చెబితే బాగుంటుంది.

ఆ కుర్రవాళ్లిద్దరూ ఆ రోజు కూడా మాట్లాడుకోలేదు. కాని మావాడి బియ్యం బస్తాను మూడంతస్తులూ చెరో కొసా పట్టుకుని దించి ఆటోలో పెట్టారు.