నాన్నగారి అంబాసిడరూ, నేను వేయించిన బ్రేకులూ

చాలా రోజులుగా రాద్దామనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చిన టపా ఇది. నేను ఇంజనీరునూ కాను, మెకానిక్కునూ కాను. అయినా మొన్న మా వీధిలో ఒక కుర్రాడు తన కారుకు పెద్ద డిస్కులు వేయించుకొచ్చి, "ఇప్పుడు ఎంత వేగంలో ఉన్నా టక్కున ఆగిపోతుందండీ" అని మురిసిపోతుంటే, సరిగ్గా ఆ మాటే 2007లో నా నోట వెలువడిన సంగతి జ్ఞాపకం వచ్చింది. అతడి సంబరం చెడగొట్టలేక అప్పుడు ఊరుకున్నాను. ఆ కథ ఇక్కడ చెప్పుకుంటాను.

మాది విజయనగరం. నాన్నగారు లెక్కల మేష్టారు. 1993లో ఆయన తన స్థోమతకు మించిన పని ఒకటి చేశారు. సెకండ్ హ్యాండులో ఒక అంబాసిడర్ మార్క్ 4 కొన్నారు. తెల్లటి బండి. ముందు కూడా సోఫాలాంటి సీటు, స్టీరింగుకు పక్కగా గేరు రాడ్డు. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే.

1998 వేసవిలో అందరం అరకు వెళ్ళి తిరిగి వస్తున్నాం. వెనుక సీట్లో అమ్మ, చెల్లెలు. ముందు నాన్నగారి పక్కన నేను. అనంతగిరి ఘాట్ దిగుతుండగా ఏదో మాడుతున్న వాసన వచ్చింది. అడవిలో ఎవరో ఏదో కాలుస్తున్నారనుకున్నాం. రెండు మలుపులు తిరిగాక నాన్నగారి మోకాలు మాటిమాటికీ పైకి లేచి కిందికి పడుతుండడం గమనించాను. పెడల్ ఒత్తుతున్నారు. అది నేలదాకా దిగిపోతోంది. బండి మాత్రం ఆగడం లేదు.

ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. గేరు రాడ్డును బలవంతంగా మూడుకూ, తరువాత రెండుకూ లాగారు. ఇంజను గొల్లుమంది. హ్యాండ్ బ్రేకు లాగుతూ, లోయ వైపు పోకుండా, బండిని కొండ పక్కనున్న కాలువలోకి దించేశారు. ఎడమ వైపు తలుపులు రాతికి రాసుకుంటూ పోయి, బండి ఆగింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. వెనకనుంచి వచ్చిన ఒక లారీ డ్రైవరు దిగి చక్రాల దగ్గర వాసన చూసి, "ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలండి మేష్టారూ. బ్రేకు మీద కాలేసుకుని కొండ దిగుతారా?" అన్నాడు. ఆయన మేష్టారని అతడికెలా తెలిసిందో! అరగంట చల్లారాక పెడల్ తనంతట తానే పైకి లేచింది. లారీ వెనకే, రెండో గేరులో, ఇల్లు చేరాం.

ఆ మరునాటినుంచి నాన్నగారు స్టీరింగు ముట్టుకోలేదు. కారణం ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. బండి ఇంటి ముందు వేపచెట్టు కింద ఉండిపోయింది. సెలవులకు వచ్చినప్పుడు నేను తీసేవాణ్ణి.

ఆ రోజు ఏం జరిగిందో నాకు చాలాకాలం తరువాతగాని అర్థం కాలేదు. బ్రేకు బండి వేగాన్ని మాయం చేయదు, వేడిగా మారుస్తుంది. మనుషులతో కలిసి 1400 కిలోల బండి 900 మీటర్ల ఎత్తునుంచి దిగిందనుకుంటే, ఆ శక్తి అంతా దాదాపు 40 లీటర్ల చన్నీళ్ళను మరిగించడానికి సరిపోతుంది. ఇంజను, గాలి కొంత పంచుకోగా మిగిలినదంతా ఆ నాలుగు డ్రమ్ములే మింగాలి. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి లోపలున్న షూలకు దూరంగా జరుగుతుంది. లైనర్ల పట్టు సడలుతుంది. ఇక బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 3 రకం ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. నీరు చేరాక 140 డిగ్రీలకే మరిగినా ప్రమాణానికి లోబడినట్టే. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నలగదు, ఆవిరి నలుగుతుంది. మనం తొక్కే తొక్కుడంతా ఆ బుడగలను నలపడానికే సరిపోతుంది. మా బండి ఆయిలు కొన్ననాటినుంచి మార్చనే లేదు. తరువాత తీయించి చూస్తే నల్లగా, కషాయంలా ఉంది.

2007లో, హైదరాబాదులో ఉద్యోగంలో కుదురుకున్నాక, నాన్నగారి చేత మళ్ళీ బండి నడిపించాలన్న కోరిక పుట్టింది. బ్రేకుల మీద నమ్మకం పోయింది కనుక నమ్మదగిన బ్రేకులు వేయిస్తే సరిపోతుందనుకున్నాను. తరువాతి కాలపు అంబాసిడర్లలో కొన్నిటికి ముందు చక్రాలకు డిస్కులు వచ్చాయి. తుక్కుకు వచ్చిన అలాంటి బండి ఒకటి విశాఖపట్నంలో దొరికింది. దాని డిస్కులు, కాలిపర్లు తీసుకుని, ప్యాడ్లూ గొట్టాలూ కొత్తవి కొని మా ఊరి మేస్త్రీకి అప్పగించాను.

డిస్కు గాలికి బయటికే ఉంటుంది కాబట్టి త్వరగా చల్లారుతుంది. వేడికి ఉబ్బితే ప్యాడ్ల వైపే ఉబ్బుతుంది తప్ప దూరంగా జరగదు. అయితే డ్రమ్ములో తిరిగే చక్రమే షూను లోపలికి లాగి పట్టును పెంచుతుంది. డిస్కులో ఆ సహాయం లేదు. అందుకని ఇంజను పీల్చే గాలి ఆధారంగా పనిచేసే బూస్టరు అమర్చి, మాస్టర్ సిలిండరూ మార్చాలన్నాడు మేస్త్రీ. అంతా బిగించి, గాలి తీసి, కొత్త ఆయిలు నింపి, రోడ్డు మీద గట్టిగా తొక్కితే, చక్రాలు బిగుసుకుపోయి బండి జర్రున జారిపోయింది.

మేస్త్రీ నవ్వాడు. "బాబూ, బ్రేకు చక్రాన్ని ఆపుతాది. బండిని ఆపీది టైరు. ఈ గుండు టైర్ల మీద లచ్చ రూపాయల బ్రేకులేసినా ఇంతే."

నాలుగు టైర్లూ కొన్నాను. అప్పుడు నిజంగానే బండి టక్కున ఆగింది. నాన్నగారిని కూర్చోబెట్టి చూపించాను. "బాగుంది" అన్నారు. తాళాలు మాత్రం తీసుకోలేదు.

వారం తిరగకుండానే శృంగవరపుకోట వైపునుంచి ఒంటరిగా వస్తున్నాను. ఖాళీ రోడ్డు, కొత్త బ్రేకులు. 80లో ఉన్నాను. పొలం గట్టునుంచి ఒక ముసలాయన సైకిలు మీద గడ్డిమోపుతో అడ్డంగా వచ్చేశాడు. ఉన్న బలమంతా పెట్టి తొక్కాను. బండి ఆగింది. గడ్డిమోపు కిందపడింది. సైకిలుకూ బంపరుకూ మధ్య జానెడు ఎడం. ఆయన తిట్టలేదు. మోపు ఎత్తుకుంటూ, "సూసుకోవాలి కద బాబూ" అన్నాడంతే.

ఇంటికొచ్చి, కొత్త బ్రేకులు ఒక ప్రాణాన్ని ఎలా కాపాడాయో వర్ణించి చెప్పాను. నాన్నగారు అంతా విని, "ఎంతలో వస్తున్నావు?" అన్నారు.

"ఎనభైలో."

"పాత బ్రేకులతో ఆ రోడ్డు మీద ఎంతలో వచ్చేవాడివి?"

"యాభై."

"లెక్క వెయ్యి" అని కాగితం, పెన్సిలు నా ముందు పెట్టారు.

వేశాను. పాత బ్రేకులు సెకనుకు 18 కిలోమీటర్ల చొప్పున వేగం తగ్గిస్తాయనుకున్నాం. కొత్తవి, కొత్త టైర్లతో కలిపి, 25 చొప్పున. రోడ్డు మీద ఏదో ఉందని కంటికి తెలిసి కాలు పెడల్‌ను తొక్కేసరికి ఒక సెకను. 50లో ఉంటే ఆ సెకనులో 14 మీటర్లు, ఆగడానికి మరో 19, మొత్తం 33. 80లో ఉంటే ఆ సెకనుకే 22 మీటర్లు, ఆగడానికి 35, మొత్తం 57. వేగం ఒకటిన్నర రెట్ల కన్నా కాస్త పెరిగితే, దాని వర్గం రెండున్నర రెట్లు దాటింది. నాసిరకం బ్రేకులతో నెమ్మదిగా వచ్చే పాత నేను, మేలైన బ్రేకులతో దూసుకొచ్చిన కొత్త నాకంటే 24 మీటర్లు ముందే ఆగి ఉండేవాణ్ణి. ముసలాయనను కాపాడాననుకున్నాను గాని, ఆయన్ని జానెడు దూరం దాకా తరుముకొచ్చిందీ నేనే.

ఈ జబ్బు నా ఒక్కడిదే కాదని తరువాత తెలిసింది. 1980లలో జర్మనీలోని మ్యూనిక్ నగరంలో కొన్ని టాక్సీలకు ఏబీఎస్ అమర్చి, అది లేనివాటితో పోల్చి చూశారు. ప్రమాదాలు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. ఏబీఎస్ ఉన్నవాళ్ళు మరింత దూకుడుగా నడిపారు. ఆదా అయిన ప్రతి మీటరునూ ఆ డ్రైవర్లు కూడా నాలాగే ఖర్చు పెట్టేశారన్నమాట.

నాన్నగారు కాగితం దిద్ది, మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆదివారం పొద్దున్నే వచ్చి తాళాలు అడిగారు. తొమ్మిదేళ్ళ తరువాత! అమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. బ్రేకుల మీద నమ్మకం కుదిరి అడిగారా, నా మీద నమ్మకం పోయి అడిగారా అన్నది నాకిప్పటికీ తేలలేదు.

దారి పొడవునా 40 దాటలేదు. ఘాట్ ఎక్కి, టీ తాగి, దిగేముందు గేరును రెండులో వేశారు. మధ్యమధ్య పెడల్‌ను కాసేపు తొక్కి, పూర్తిగా వదిలేస్తూ, చల్లారనిస్తూ దింపారు. కాలువలోకి దించిన చోటు దగ్గర కొండ వైపు ఒకసారి చూశారు, అంతే. కిందికి వచ్చాక బండి ఆపి, ముందు చక్రం దగ్గర వంగి, తాకకుండా అరచెయ్యి దగ్గరగా పెట్టి చూశారు.

"రా, నువ్వూ పెట్టి చూడు" అన్నారు. గోరువెచ్చని సెగ. అంతే.

అంబాసిడర్ల తయారీ 2014లో ఆగిపోయింది. నాన్నగారు 2016లో వెళ్ళిపోయారు. ఇప్పుడు నాకున్న కారులో ఏబీఎస్ కూడా ఉంది. రెండేళ్ళకొకసారి బ్రేక్ ఆయిల్ మార్పిస్తాను. కొండ కనిపిస్తే చెయ్యి దానంతటదే గేరు మీదికి పోతుంది.

మా వీధి కుర్రాడు రేపు మళ్ళీ కనిపిస్తే, టైర్లు ఎప్పుడు మార్చావని అడగాలి. ఆ తరువాత, ఎంతలో వెళ్తున్నావని.