సరస్సు నిండా చమురు... ఊరంతా చీకటి

చీకటి పడ్డాక మారకైబో సరస్సు దక్షిణపు ఒడ్డున నిలబడితే టార్చిలైటుతో పెద్దగా పనుండదు. కతతుంబో నది వచ్చి కలిసేచోట ఆకాశం గంటల తరబడి మెరుస్తూనే ఉంటుంది. భూమ్మీద ఇన్ని మెరుపులు మరెక్కడా లేవనీ, చదరపు కిలోమీటరుకి ఏడాదికి 233 చొప్పున మెరుస్తున్నాయనీ 2016లో నాసా లెక్క తేల్చింది. సులియా రాష్ట్రం తన జెండామీద కూడా ఓ మెరుపుని వేసుకుంది. ఆ రాష్ట్రానికి రాజధాని మారకైబో. వెనెజువెలాలో కారకస్ తర్వాత అంత పెద్ద నగరం.

2019 మార్చి 7న ఆ నగరంలో కరెంటు పోయింది. నిజానికి దేశమంతటా పోయింది. మిగతాచోట్ల వస్తూ పోతూ ఉన్నా ఇక్కడ మాత్రం రోజుల తరబడి రాలేదు. అసలే మండే ఎండల ఊరు. ఫ్రిజ్‌లలో మాంసం కుళ్లిపోయింది, కుళాయిలు ఎండిపోయాయి. జనం వందల దుకాణాల షట్టర్లు విరగ్గొట్టి, చేతికందింది పట్టుకుపోయారు.

కాళ్లకింద చమురు, నెత్తిన మెరుపులు... అలాంటి ఊరికి చీకటేమిటి? సోషలిజమే ముంచిందని కొందరూ, అమెరికా ఆంక్షలే ముంచాయని ఇంకొందరూ ఏళ్లుగా వాదించుకుంటున్నారు. జవాబులో చాలాభాగం ఈ సరస్సు ఒడ్డునే దొరుకుతుంది.

బుల్లి వెనిస్

1499లో స్పెయిన్ నావికుడు అలోన్సో దె ఒహేదా ఓడలు ఈ తీరానికి వచ్చాయి. వెంట అమెరిగో వెస్పూచీ కూడా ఉన్నాడు. నీళ్లలో గుంజలు పాతి కట్టుకున్న ఇళ్లు చూస్తే వాళ్లకి వెనిస్ గుర్తొచ్చిందట. అలా ‘బుల్లి వెనిస్’ అన్న అర్థంలో వెనెజువెలా అనే పేరొచ్చిందని చెబుతారు. నగరానికి ఉత్తరాన ఉన్న సినమైకా మడుగులో అలాంటి గుంజల ఇళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. ఊళ్లోకొస్తే సాంతా లూసియా పేటలో ఒక్కో ఇంటికీ ఒక్కో రంగు. నవంబరు 18న చినీతా మాత ఉత్సవం... ఇక ఆ నెలంతా వీధుల్లో ‘గైతా’ పాటలే. సరస్సు ముఖద్వారం మీద 8.7 కిలోమీటర్ల వంతెన 1962 నుంచీ ఉంది. కట్టింది ఇటలీ ఇంజినీరు మొరాందీ. 2018లో జెనోవాలో కూలిపోయిన వంతెన కూడా ఆయనదే. ఇది మాత్రం నిలబడింది!

1922 డిసెంబరు 14న తూర్పు ఒడ్డున కబీమాస్ దగ్గర ఓ బావి బద్దలైంది. రోజుకు లక్ష పీపాల చొప్పున తొమ్మిది రోజులపాటు నల్లటి వాన కురిసింది. అంతవరకూ కాఫీ, కోకో పండించుకున్న దేశం ఆ తర్వాత వాటి ముఖం చూడలేదు. ఏం కావాలన్నా కొనుక్కురావడమే. ఆ జబ్బు సోషలిజంతో వచ్చింది కాదు. 1970లలోనే ఈ దేశాన్ని ‘సౌదీ వెనెజువెలా’ అనేవారు. 1976లో చమురుని జాతీయం చేసిన ప్రభుత్వం కూడా ఛావెజ్‌ది కాదు. ఒపెక్ సంస్థకు ప్రాణం పోసినవారిలో ఒకడైన వెనెజువెలా మంత్రి పెరెజ్ అల్ఫోన్సో చివరిరోజుల్లో చమురుని ‘సైతాను మలం’ అని ఛీకొట్టాడు.

అందాలరాణి అడ్డం తిరిగింది

1998 చివర్లో హ్యూగో ఛావెజ్ గెలిచేనాటికి పీపా చమురు పది డాలర్లు. పదేళ్లు తిరక్కుండానే 2008 జులైలో అది 147కి చేరింది. ఛావెజ్ ఆ డబ్బుతో పేదల పేటల్లో క్యూబా డాక్టర్లతో ఆస్పత్రులు పెట్టించాడు, చౌక సరకుల దుకాణాలు తెరిచాడు. పేదరికం దాదాపు సగానికి తగ్గింది. అది అబద్ధం కాదు. అందుకే అన్నిసార్లు గెలిచాడు. కాకపోతే ఆ డబ్బు తెచ్చే యంత్రాన్ని ఎవరు నడుపుతున్నారన్నది పట్టించుకోలేదు.

2002 డిసెంబరులో ‘పిలిన్ లియోన్’ అనే చమురు ఓడ ఈ సరస్సులో ఓడలు తిరిగే కాలువ మధ్యలో లంగరేసి మొరాయించింది. 1981లో ప్రపంచసుందరి అయిన అమ్మాయి పేరది. అప్పట్లో అక్కడి ఓడలకు అందాలరాణుల పేర్లు పెట్టేవారు! సర్కారు చమురు కంపెనీ పీడీవీఎస్ఏ ఉద్యోగులు సమ్మెకు దిగారు. వాళ్లడిగింది జీతాలు కాదు, ఛావెజ్ దిగిపోవాలని. రెండు నెలలకు సమ్మె వీగిపోయింది. సుమారు 18 వేలమందిని ఛావెజ్ ఇంటికి పంపేశాడు. కంపెనీలో దాదాపు సగం మంది. ఏ బావి ఎప్పుడు మూలుగుతుందో, ఏ గొట్టం ఎక్కడ తుప్పు పట్టిందో తెలిసినవాళ్లు! వాళ్లలో చాలామంది కొలంబియా, కెనడా, గల్ఫ్ దేశాల బావుల్లో పనికి కుదిరారు. అక్కడ దిగుబడి పెరిగింది, ఇక్కడ పడిపోయింది.

2009లో చమురు ధర పడింది. సరస్సులో బావులకు పడవలు నడిపే, మరమ్మతులు చేసే కాంట్రాక్టర్లకి పీడీవీఎస్ఏ నెలల తరబడి బకాయి పెట్టింది. బాకీ తీర్చే మార్గం భలే కనిపెట్టారు... మే నెలలో చట్టం చేసి ఆ కంపెనీలనే స్వాధీనం చేసుకున్నారు. సుమారు 60 కంపెనీలు, 300 పడవలు. సోషలిజం అనండి, ఇంకేమైనా అనండి, అప్పిచ్చినవాడి దుకాణం లాక్కోవడమే ఇది. చొరవ తీసుకుని ఇంజిను బాగుచేయించే యజమాని పోయాడు, కాగితం మీద సంతకం పెట్టే అధికారి వచ్చాడు. నీళ్లడుగున వేల కిలోమీటర్ల గొట్టాలు చిల్లులు పడుతూనే ఉన్నాయి. సరస్సుమీద తేలే నల్లటి చమురు తెట్టు, పచ్చటి నాచు అంతరిక్షం నుంచి తీసిన ఫొటోల్లోనూ కనిపిస్తాయి.

చీమల వ్యాపారం

రెండో దెబ్బ దుకాణాలకి. 2003లో డాలరు రేటునీ, తిండి సరకుల ధరల్నీ సర్కారు కట్టిపడేసింది. పేదవాడికి చవగ్గా దొరకాలన్నదే ఉద్దేశం. కానీ 2016కల్లా సర్కారు దగ్గర డాలరు పది బొలివార్లు, వీధిలో వెయ్యి! పలుకుబడితో పదికి తెచ్చుకున్నవాడు బయట అమ్ముకుంటే చాలు, వందరెట్లు. ఇక వాడు పిండిమిల్లు ఎందుకు పెడతాడు? పెట్టినవాడికి గిట్టుబాటు ధర లేదు. మిల్లు ఆపితే ‘సరకు దాస్తున్నావ్’ అని కేసు. రోజూ ‘అరేపా’ రొట్టెలు తినే దేశంలో మొక్కజొన్న పిండి కోసం తెల్లవారుజామునుంచే క్యూలు. గుర్తింపుకార్డు చివరి అంకెని బట్టి ఏ రోజు ఎవరు కొనాలో చెప్పేవారు. కొన్నిచోట్ల వేలిముద్రలూ వేయించుకున్నారు.

మారకైబోకి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో కొలంబియా సరిహద్దు. ఇక్కడ సబ్సిడీలో కొన్న పిండి, పాలపొడి, దాదాపు ఉచితంగా దొరికే పెట్రోలు అవతల అమ్మితే ఉద్యోగం చేసినదానికన్నా ఎక్కువ వచ్చేది. తనకన్నా పెద్ద ఆకుని మోసుకెళ్లే చీమని అక్కడ ‘బచాకో’ అంటారు. ఈ మోతగాళ్లకి ‘బచాకెరో’లని పేరొచ్చింది. పేదవాడి కోసం పెట్టిన చౌక ధర సరిహద్దు దాటిపోయింది. పేదవాడు క్యూలోనే ఉన్నాడు.

ఛావెజ్ 2013లో చనిపోయాక నికోలాస్ మదురో వచ్చాడు. (2005లో పుట్టపర్తి వచ్చి సత్యసాయిబాబాను దర్శించుకున్నది ఈయనే.) 2014లో వంద డాలర్ల పైనున్న చమురు 2016 మొదట్లో ముప్పై లోపుకి దిగింది. మంచిరోజుల్లో దాచింది లేదు, పైగా చైనాకి చమురు రూపంలో తీర్చాల్సిన అప్పులు. లోటు పూడ్చడానికి నోట్లు అచ్చేశారు. 2018లో ధరలు 1,30,060 శాతం పెరిగాయని ఆ దేశపు సెంట్రల్ బ్యాంకే ఒప్పుకుంది. 2008లో మూడు, 2018లో ఐదు, 2021లో ఆరు... కరెన్సీలోంచి మొత్తం 14 సున్నాలు కొట్టేశారు. అంటే పాత బొలివార్లు వంద లక్షల కోట్లు కలిపితే ఇప్పుడొక్కటి!

మరి ఆంక్షలో? అప్పులు పుట్టకుండా అమెరికా కట్టడి చేసింది 2017 ఆగస్టులో, చమురు కంపెనీ మీద పడింది 2019 జనవరిలో. అప్పటికే క్యూలున్నాయి, ధరలు చేయిదాటాయి. 1990ల చివర్లో రోజుకు 30 లక్షల పీపాలు దాటిన దిగుబడి 2017లోనే 20 లక్షలకి దిగింది. పడిపోతున్నవాడి చేతికర్రని ఆంక్షలు లాగేసుకున్నాయనొచ్చు. 2020లో ఒక దశలో దిగుబడి ఐదు లక్షల లోపుకి చేరడంలో వాటి వాటా చిన్నదేం కాదు. దెబ్బ తగిలిందీ ఎక్కువగా సామాన్యుడికే.

కరెంటు సంగతీ అంతే. దేశానికి వెలుగిచ్చే గూరీ ఆనకట్ట తూర్పు కొసన ఉంది, మారకైబో పడమటి కొసన. సులియాలోని థర్మల్ కేంద్రాలు చాలావరకు మూలపడటంతో ఊరు ఆ పొడవాటి తీగల మీదే వేలాడింది. 2019లో శత్రువుల కుట్ర అని సర్కారంటే, లైన్లకింద పొదలు కొట్టక మంటలంటుకున్నాయని ఇంజినీర్లన్నారు.

2019 తర్వాత ధరల అదుపుని సర్కారు చడీచప్పుడు లేకుండా వదిలేసింది. దుకాణాల్లోకి సరకులొచ్చాయి, బిల్లులు డాలర్లలోకి మారాయి. 2022 మార్చిలో కనీస వేతనం నెలకి 130 బొలివార్లన్నారు. అప్పట్లో అది 30 డాలర్లు. 2024 చివరికి మూడు డాలర్లు కూడా లేదు. పైన సర్కారిచ్చే భత్యాలూ, విదేశాల్లోని పిల్లలు పంపే డబ్బే ఆధారం. దేశం విడిచినవాళ్లు 77 లక్షల పైనే. మారకైబోలో తాళాలు వేసిన ఇళ్లు వీధికిన్ని. పీతల కోసం సరస్సులోకెళ్లే జాలర్లు మాత్రం ఊరొదల్లేదు. తిరిగొచ్చాక వలలకంటిన నల్లటి జిడ్డు వదిలించుకోవడమే వాళ్లకి సగం పని.