సెలవులలో వినదగిన పాటలు

క్రిస్మసు సెలవులు సమీపించినవి. అవి ముగిసి పాఠశాల తలుపులు తెఱచిన కొలది దినములలోనే సంక్రాంతి సెలవులు వచ్చును. ఈ రెంటి నడుమ మన విద్యార్థుల చెవులకు విశ్రాంతి యుండదు. కడియము రైలుస్టేషను మొదలు కడియపులంక రహదారి వఱకు ప్రతి దుకాణమునందును, ప్రతి పెండ్లిపందిరియందును చలనచిత్రముల పాటలే మ్రోగుచుండును. వానిని మేము నిందింపము. మేమును వినుచునే యుందుము. కాని తొమ్మిదవ తరగతి బాలబాలికలు "మాష్టారండీ, సెలవుల్లో ఏం వినమంటారండీ?" అని యడిగినప్పుడు, చలనచిత్రములతో సంబంధము లేని పాటలను గూర్చి చెప్పెదమని మాట యిచ్చితిమి. ఆ మాటను ఈ సంచికయందు చెల్లించుకొనుచున్నాము.

మా పెద్దలు ఇట్టి పాటలను "ప్రైవేటు పాటలు" అనెడివారు. పేరు వినుటకు వింతగా నుండును గాని అందు రహస్య మేమియు లేదు. కథతోను, నటులతోను, తెరతోను ప్రమేయము లేక కవియు గాయకుడును తమ యిచ్చ వచ్చినట్లు కూర్చుకొని, గ్రామఫోను రికార్డు మీదనో రేడియో యందో వినిపించిన పాటకు అట్లు పేరు వచ్చినది. నిమిషమునకు 78 చుట్లు తిరుగు ఆ నల్లని పళ్ళెము మీద ఒకవైపున సుమారు మూడు నిమిషముల పాట మాత్రమే పట్టెడిది. చెప్పదలచిన దంతయు ఆ లోపలనే చెప్పి ముగింపవలెను. మన పిల్లలు పరీక్షలలో వ్యాసములు వ్రాయునపుడు ఈ నిబంధన యుండిన, దిద్దువారి కెంత మేలు!

మొదట వినదగినది మన యింటి యాడుబడుచు పాట. టంగుటూరి సూర్యకుమారిగారు 1925 లో మన రాజమహేంద్రవరముననే జన్మించిరి. 1942 లో వచ్చిన "దీనబంధు" చిత్రము కొఱకు శంకరంబాడి సుందరాచారిగారు "మా తెలుగు తల్లికి" అను పాటను వ్రాసి యియ్యగా, ఆ చిత్రమున దానికి చోటు దొరకలేదు. పిమ్మట సూర్యకుమారిగారి కంఠమున అది గ్రామఫోను రికార్డుగా వెలువడినది. ఆ చిత్రమును నేడు తలచువారు మిక్కిలి తక్కువ. త్రోసివేయబడిన పాట మాత్రము రాష్ట్రగీతమై మన ప్రార్థనా సమావేశములలో నిలిచియున్నది. ప్రతిదినము దానిని పాడుచున్న పిల్లలు ఒక్కమాఱు సూర్యకుమారిగారి గొంతుతో వినవలెను. ఎంత నెమ్మదిగా పాడవలసిన పాటను మనము ఎంత వేగముగా ముగించుచున్నామో అప్పుడు తెలియును.

గోదావరి కావలి యొడ్డున నిడదవోలులో 1920 లో పుట్టి 2018 వఱకు జీవించిన బాలాంత్రపు రజనీకాంతరావుగారి పాటలు రెండవవి. ఆయన వ్రాయుటయు, స్వరపఱచుటయు, పాడుటయు మూడును నేర్చినవారు. 1947 ఆగస్టులో స్వాతంత్ర్యము వచ్చిన వేళ మదరాసు రేడియోలో సూర్యకుమారిగారు పాడిన గీతము ఆయన కూర్చినదే. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1 న ఆరంభమైనది. కోనసీమలోని శంకరగుప్తమున జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు ఆ కేంద్రమున పనిచేసిరి. మా చిన్నతనమున మా వీధి యంతయు ఆ కేంద్రపు భక్తిరంజనితోనే మేలుకొనెడిది. ఏ మతమువా రింట రేడియో యున్నను పాట అందఱి యిండ్లలోనికిని వచ్చెడిది.

క్రిస్మసు కాలమున పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలను మఱువరాదు. 1803 లో పుట్టిన ఆ కవి మన రాగములలో కూర్చిన కీర్తనలను మన అవ్వలు పుస్తకము చూడకయే పాడెడివారు. సంక్రాంతికి హరిదాసు తలపై పాత్రతో, చేత చిడతలతో గుమ్మమునకు వచ్చును; ఆతని యెదుట ఫోనెత్తి పట్టుకొనక చెవి యొగ్గి వినుడు. కాకినాడ చేరువనున్న మాధవపట్నపు తోలుబొమ్మలాటవారు ఎక్కడనైన ఆడినచో, నిద్ర చెడినను చూచి రండు. నేటి యువకులలో హైదరాబాదునందలి చౌరస్తా బృందమువారు పల్లెకు తిరిగి పోగోరువాని గూర్చి పాడిరి. పట్టణములలో ఉద్యోగములు చేయు మీ యన్నలు పండుగకు వచ్చినప్పుడు వారిచేత వినిపింపజేసికొనుడు. వారి మొగములు చూచుచు వినుడు.

ఇంతవఱకు సులభముగా చెప్పితిమి. చెప్పవలసినది ఇంకొకటి గలదు. దానిని జాబితాలో చేర్చుటయా మానుటయా యని కొన్ని దినములు తర్కించుకొంటిమి.

గతవారము మొదటి గంట కొట్టిన యిరువది నిమిషములకు ఒక బాలిక తరగతి గుమ్మమున నిలిచినది. ఆమె వేళ్ళకొనలు నల్లబడి జిగురుగా నుండెను. "ఆ చేతులేమిటి? కడుగుకొని రా" అని గద్దించితిమి. పోయి కడుగుకొని వచ్చినది. మరక పోలేదు. తక్కిన పిల్లలు కొందఱు నవ్విరి, కొందఱు తమ చేతులను బల్లక్రిందికి చేర్చుకొనిరి. అప్పుడు గాని ఆ మరక యేమో మాకు స్ఫురింపలేదు. అది బంతిపూలు, చామంతులు కోసిన చేతుల మరక. మా తల్లిగారి వేళ్ళకు చలికాల మంతయు నదే యుండెడిది. బూడిదతో రుద్దినను, నిమ్మచెక్కతో రుద్దినను పోయెడిది కాదు. కడియపు తోటల నడుమ పుట్టి పెరిగి, ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదివి, చేతులు తెల్లబడిన పిమ్మట మేము దానిని మఱచిపోతిమి.

అప్పుడు మేమును తొమ్మిదవ తరగతియందే యుంటిమి. మా తండ్రిగారు బుర్రిలంకలో అర యెకరము కౌలునకు తీసికొని చామంతి వేసిరి. కౌలుసొమ్మును, మా అప్పగారి పెండ్లి అప్పును, మా పరీక్షరుసుమును ఆ పంట మీదనే చూచుకొనుచుండిరి. చామంతి విచ్చిన పిమ్మట వేచియుండదు. ఎండ యెక్కకమునుపే కోసి, గంపల కెత్తి, పూలు కొనువారు పోకముందే కడియపులంక చేర్పవలెను. క్రిస్మసునకు ముందు రెండు మూడు దినములు ధర మంచిగా నుండును. ఇంటిల్లిపాదియు నలుగురము, ఎనిమిది చేతులు. కూలి పెట్టుకొనుటకు శక్తి లేదు.

ఆ దినములలోనే మా మేనమామగారు ఒక టేపురికార్డరును, రాజమహేంద్రవరము కోటగుమ్మము కడ కొన్న కొన్ని క్యాసెట్టులను తెచ్చిరి. వానిలో నొకటి "పుష్పవిలాపము". కరుణశ్రీ యను పేరుతో ప్రసిద్ధులైన జంధ్యాల పాపయ్యశాస్త్రిగారు రచించిన పద్యములవి. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు పాడిరి. ఘంటసాలవారు చలనచిత్రములలో నెంతటివారో మేము చెప్పనక్కఱలేదు; బాల్యమున విజయనగరమున మధూకరము చేసికొని సంగీతము నేర్చినవారు. అయినను, తెరపై ఏ నాయకుని పెదవుల కొఱకును గాక, తమ కొఱకే పాడినట్లు పాడినవి ఈ పద్యములు. కవి తెల్లవారి పూజకు పూలు కోయుటకై తోటకు పోవును. చేయి చాపినంతనే పూలు నోరు విప్పి మనుష్యుల కాఠిన్యమును నిలదీయును. ఆయన పూలు కోయక తిరిగివచ్చును. ఇంతే కథ. నడుమ నడుమ వచనముగా పలుకు పలుకులలో గొంతు గద్గదమగుచుండును.

ఆ రాత్రి దానిని మూడుమాఱులు వింటిమి. ఏడ్చితిమి. మఱునాడు నాలుగు గంటలకు మా తండ్రిగారు లాంతరు పట్టుకొని లేపగా, పూలు కోయుట హత్యతో సమానమనియు, అట్టి పాపము మేము చేయజాలమనియు చెప్పితిమి. వారు లాంతరు ఎత్తి మా మొగము కొంతసేపు చూచిరి. కోపపడలేదు. బయటికి పోయిరి. రెండు దినములుగా జ్వరముతో నున్న మా తల్లిగారిని ఆ వేకువను ఇంటనుంచి మమ్ము తీసికొనిపోవలెనని వారి తలంపట. అది మాకు తరువాత తెలిసినది. ఆమె తలకు తువాలు చుట్టుకొని మా బదులు పోయిరి. మేము దుప్పటి కప్పుకొని పరుంటిమి.

రెండవనాడును అట్లే చేసితిమి. మూడవనాటికి మా తల్లిగారు లేవలేకపోయిరి. కోయక మిగిలిన మళ్ళలో పూలు ముదిరి రేకులు వ్రేలాడెను. పండుగ దాటిన పిమ్మట వానిని అడిగినవారు లేరు. క్రిస్మసునాడు మా తల్లిగారు గుడికి రాకపోవుట మా యెఱుకలో అదియే మొదటిసారి. గుడిలో వేదిక చుట్టును చామంతిదండలు వ్రేలాడుచుండెను. పూలను చూచి మాకు ఏమియు జాలి కలుగలేదు. మా పరీక్షరుసుము కొఱకు ఆమె చెవిదుద్దులు తాకట్టు పోయెను. వానిని విడిపించిరా యని మేము ఎన్నడును అడుగలేదు. చాలయేండ్లు ఆమె చెవులకు వేపపుల్లలే చూచితిమి.

పండుగనాటి రాత్రి భోజనమైన పిమ్మట మా తండ్రిగారు అరుగుమీద కూర్చుండి, "ఆ పూల పద్యాలు ఇంకోసారి పెట్టరా అబ్బాయీ" అనిరి. మాకు చేతులాడలేదు. పెట్టితిమి. వారు కన్నులు మూసికొని తుదివఱకు వినిరి. "ఎంత బాగా పాడాడురా మహానుభావుడు!" అనిరి. కొంతసేపు ఊరకుండి, "తెల్లారగట్ల తోటలోకెళ్ళాడు కదా ఆ కవి! పక్క మడిలో మీ అమ్మలాంటి వాళ్ళెవరూ కనపళ్ళేదంటావా?" అని యడిగిరి. ఎత్తిపొడుపు కాదు, నిజముగా తెలిసికొనగోరి యడిగినట్లే యడిగిరి. మేమేమియు చెప్పలేకపోతిమి.

కరుణశ్రీగారి పద్యములలో తప్పున్నదని మేమనము. పూవును చూచి అంత మెత్తబడిన హృదయము తెలుగునాట అరుదు. ఆ పద్యములను మించి మాకు చిన్నతనమున మనస్సు కరిగించినది మఱియొకటి లేదు. కాని మా జాలికి వెల మేము చెల్లింపలేదు. జ్వరముతో నున్న ఒక స్త్రీ చెల్లించినది. ఆ సంగతి పాటలో లేదు. ఉండవలెనను నియమమును లేదు. వినువాడు తెలిసికొనవలసిన దది. మేము ఆలస్యముగా తెలిసికొంటిమి.

ఇంకొక వింత చెప్పవలెను. మఱుసటి యేట చామంతి కోతకు మేము అడుగకయే పోయితిమి. చీకటిలో మాకు రెండు మళ్ళకు ఆవల మా తండ్రిగారు పూలు కోయుచు ఏదో కూనిరాగము తీయుచుండిరి. చెవి యొగ్గి వినగా, అది పుష్పవిలాపమే! పద్యము సగము సగమే వచ్చును. రాని చోట రాగముతో పూరించుకొనుచుండిరి. చేయి మాత్రము ఆగలేదు. మా తల్లిగారు ఆ క్యాసెట్టును ఎన్నడును మెచ్చుకొనలేదు. పెట్టినప్పుడెల్ల ఏదో పని కల్పించుకొని లోనికి పోయెడివారు.

గద్దించిన మఱునాడు ఆ బాలికను పిలిచి, నీ చేతులను గూర్చి మేము పలికిన మాట తప్పని చెప్పితిమి. ఆమె సిగ్గుపడి తల వంచుకొన్నది. ఆనాడు తెలుగు గంటలో పాఠము ప్రక్కకు పెట్టి తరగతి కంతకును పుష్పవిలాపము వినిపించితిమి. నర్సరీలలో మొక్కలు కట్టువారి పిల్లలు, పూలు కోయువారి పిల్లలు, దండలు గ్రుచ్చువారి పిల్లలు అందఱును కిమ్మనక వినిరి. ఒకడు మాత్రము, గులాబీలు అంటుగట్టునపుడు కొమ్మ ఏమనునండీ యని యడిగెను. నవ్వితిమి.

గంట కొట్టిన పిమ్మట ఆ బాలిక వెనుక నిలిచియుండెను. "మాష్టారండీ, ఇది మా అమ్మ ఫోనులో వస్తాదాండీ? రాత్రి దండలు గుచ్చేటప్పుడు పాటలు పెట్టుకుంటాదండి" అనినది.

వచ్చునని చెప్పి పేరు కాగితము మీద వ్రాసి యిచ్చితిమి. దండలు గ్రుచ్చుచు వినుటకు ఇది తగునా తగదా యని ఒక్క నిమిషము సంశయించి, మా తండ్రిగారి కూనిరాగము సంగతి చెప్పితిమి. మీ అమ్మ విని యేమనునో వచ్చి మాకు చెప్పవలెనని కోరితిమి. సెలవులు కాగానే చెప్పెదనని పోయినది.