కిన్నెరసానిలో ఒక పగలు

పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి మేమిద్దరం, అచ్చంగా ఇద్దరమే, ఒక పగలంతా ఏ పనీ లేకుండా గడిపాం. గ్రీసు దీవులకో అండమాన్‌కో పోయి కాదు. ఏన్కూరులో బస్సెక్కి కొత్తగూడెం, అక్కణ్ణించి పాల్వంచ, ఆపైన ఆటోలో కిన్నెరసాని.

ఆ ఆలోచన మాది కూడా కాదు, అత్తమ్మది. మిరప కోతల రోజులు. కల్లం నిండా కాయ ఆరబోసి ఉంది. "పిల్లని నేను చూసుకుంటా, మీరిద్దరూ ఎటన్నా పోయిరాండి" అంది. ఇంత పనిలో కోడలు షికారుకి పోతే ఊరేమనుకుంటుందని నసిగాను. "ఊరొచ్చి మన కాయ కోస్తదా?" అంది.

సెలవన్నా ముందు వంటే కదా మనకి. తెల్లారుజామున నాలుగింటికి లేచి పులిహోర కలిపాను. నీళ్ళ సీసాలు, తువ్వాలు, ఆయన టోపీ, తలనొప్పి మాత్రలు, అన్నీ నా సంచిలో. ఆయన చేతిలో ఫోను. కొత్తగూడెం చేరేలోపు ఇంటికి మూడుసార్లు ఫోన్ చేశాను. మూడోసారి అత్తమ్మ విసుక్కుంది.

పాల్వంచ థర్మల్ కేంద్రానికి నీళ్ళందించే జలాశయమిది. చుట్టూ అడవిని 1977లో అభయారణ్యంగా ప్రకటించారు. నీళ్ళ మధ్య చెట్లతో నిండిన దిబ్బలు చిన్న చిన్న దీవుల్లా ఉంటాయి. జింకల పార్కు చూశాం, పడవెక్కాం. నీళ్ళలో మొసళ్ళుంటాయి గనక దిగడం కుదరదు. ఒడ్డున చెట్టు కింద తువ్వాలు పరిచాం. అయిదు నిమిషాల్లో ఆయన గురక మొదలైంది. విశ్రాంతి తీసుకోవడం మగవాళ్ళకి ఎవరు నేర్పుతారో గానీ, నాకు మాత్రం చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కిన్నెరసాని అనగానే సాహిత్యం చదువుకున్న వాళ్ళకి విశ్వనాథ వారి పాటలు గుర్తు రాకుండా ఉండవు. అత్త పెట్టే బాధ పడలేక కిన్నెర అడవిలోకి పరుగెడుతుంది. వెంటవచ్చిన భర్త కౌగిట్లోనే కరిగి వాగై పారుతుంది. అతను రాయి అవుతాడు. (మా ఆయన ఆ పని చేయలేదు, తిరిగి పడుకున్నాడు.) నా సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయమంతా దీనిమీదే. ఇంట్లో బతకలేని ఆడదానికి మనిషిగా ఉండటం మానేయడం తప్ప మరో దారి చూపించలేదని రాశాను. ఆ మాటకి ఇప్పటికీ కట్టుబడే ఉన్నాను. అత్తని మాత్రం ఒక్క వాక్యంలో తేల్చేశాను, పితృస్వామ్యం చేతిలో కర్ర అని.

ఆ వాక్యం రాసింది ఏన్కూరు ఇంట్లోనే. వేసవి. ఎనిమిది నెలల పాప పక్కగదిలో చీర ఉయ్యాలలో ఉంది. ఊపుతున్నది అత్తమ్మ. నేను టైపు చేస్తున్నంతసేపూ ఉయ్యాల కిర్రుమంటూనే ఉంది. గ్రంథం ముందుమాటలో గైడుకి, గ్రంథాలయాలకి, భర్తకి కృతజ్ఞతలు చెప్పాను. ఆమె పేరు లేదు.

ఆయన లేచాక అడిగాను, అత్తమ్మ ఎప్పుడన్నా ఇక్కడికి వచ్చిందా అని.

"లేదు. నాన్న రెండుసార్లు వచ్చాడు, స్నేహితులతో."

"మరి అత్తమ్మ?"

"గొడ్లనెవరు చూస్తారు?"

ఎంత మామూలుగా అన్నాడో! ఇందులో అడగడానికేముంది అన్నట్టు. నాకు ఒళ్ళు మండింది. ఆ సంచి బరువు కూడా అప్పుడే గుర్తొచ్చింది. గట్టిగానే అన్నాను. హాయిగా గడపాల్సిన పగల్లో ఒక గంట అలా పోయింది. మాటల్లేకుండా పులిహోర తిన్నాం. తర్వాత ఆయనే డబ్బాలు కడిగి సర్ది, సంచి తన భుజాన వేసుకున్నాడు. నేనేమీ అనలేదు. ఎండ వాలేదాకా నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాను. ఇంటికి ఫోన్ చేయాలని కూడా తోచలేదు.

చీకటిపడ్డాక ఇల్లు చేరాం. పాప నిద్రపోయింది. అత్తమ్మ కల్లం దగ్గర ఉంది.

"నీళ్ళు బాగున్నయా?"

"చాలా ఉన్నయ్."

"కాళ్ళన్నా పెట్టినవా అందులో?"

"మొసళ్ళుంటయంట అత్తమ్మా."

పకపకా నవ్వింది. "ఇంతదూరం పోయి ఒడ్డున కూసోనొచ్చిన్రా!"

"వచ్చే ఆదివారం నువ్వూ నేనూ పోదాం. పాపని, గొడ్లని మీ అబ్బాయి చూసుకుంటాడు."

ఆమె పట్టా అంచు పట్టుకుని నావైపు చూసింది. రెండో అంచు నేను పట్టుకున్నాను.

"కాయ అమ్మినాక చూద్దాం" అంది, పట్టా కప్పుతూ. కాసేపాగి మళ్ళీ అడిగింది, "పడవలో ఎంతసేపు తిప్పుతరు?"