గ్లవ్ లోపల రాసుకున్న పేర్లు

కొంచెం పొడుగు పోస్టు, ఓపిక చేసుకుని చదవండి. మా బడిలో ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ టీం ఎట్ల మొదలైంది, ఎట్ల నడిచింది రాయమని ఇద్దరు చెల్లెళ్లు అడిగినారు. బడి పేరు రాయడం లేదు. అక్కడ చదివినోళ్లకు ఎట్లాగూ తెలిసిపోతుంది.

మాది బండి ఆత్మకూరు మండలం, ఓంకారం పోయే దారి పక్కన అడవి అంచు గూడెం. ఆరో తరగతిలో మా నాయన నన్ను ఆశ్రమ పాఠశాలలో వదిలిపెట్టి పోయినాడు. అప్పటికి అక్కడ ఆడపిల్లలకు ఆటలంటే ఖోఖో, కబడ్డీ. ఇంకో పీఈటీ మేడం ట్రాన్స్‌ఫర్ మీద వచ్చినాకే సాఫ్ట్‌బాల్ వచ్చింది. పేరు విని మెత్తని బంతి కాబోలనుకున్నాం. చేతికి తగిలినాక అర్థమైంది. చుట్టుకొలత 12 అంగుళాలు, బరువు 200 గ్రాములకు కాస్త తక్కువ. క్రికెట్ బంతికన్నా పెద్దది, బరువు కూడా ఎక్కువే.

ఈ ఆటే ఎందుకు మేడం అని అడిగితే ఆమె దాచకుండా చెప్పింది. "కబడ్డీలో జిల్లా దాటాలంటే వంద బడులను దాటాలి. దీన్ని ఆడే బడులు పది కూడా లేవు. మీకు సర్టిఫికెట్ కావాల్నా, వద్దా?" ఆట మీద ప్రేమ అంటూ పెద్ద మాటలేమీ చెప్పలేదు. నాకు ఆమె ఇందుకే నచ్చింది.

ఈ ఆట పుట్టింది 1887లో, అమెరికాలోని చికాగోలో. ఒక క్లబ్బులో కూర్చున్న కుర్రాళ్లు బాక్సింగ్ గ్లవ్‌ను బంతిగా చుట్టి, కట్టెతో కొట్టి ఆడుకున్నారంట. సాఫ్ట్‌బాల్ అనే పేరు 1926లో వచ్చింది. అక్కడ హైస్కూలు ఆడపిల్లలకు టీంలు పెద్దఎత్తున పెరిగింది మాత్రం 1972 తర్వాతే. ప్రభుత్వం డబ్బు తీసుకునే బడి ఆడ, మగ తేడా చూపకూడదని ఆ ఏడాది చట్టం తెచ్చినారు. మగపిల్లలకు బేస్‌బాల్ పెడితే ఆడపిల్లలకూ ఏదో ఒకటి పెట్టక తప్పలేదు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల సాఫ్ట్‌బాల్ పెట్టినారు. 2008 తర్వాత తీసేసినారు. టోక్యోలో మళ్లీ ఆడించినారు, 2028 లాస్ ఏంజిల్స్‌లోనూ ఉంటుంది. ఒలింపిక్స్‌కే ఇంత ఊగిసలాట ఉంటే మా బడి సంగతి చెప్పేదేముంది! వాళ్లకు చట్టం ఉండింది, మాకు ఒక మేడం ఉండింది. చట్టానికి ట్రాన్స్‌ఫర్ ఉండదు.

మా గ్రౌండు నల్లరేగడి. వాన పడితే నాలుగు రోజులు దిగలేం. బేస్‌లకు యూరియా సంచుల్లో ఇసుక నింపి కుట్టినాం. బేస్‌కూ బేస్‌కూ 60 అడుగులు, పిచ్చర్ నిలబడే చోటు నుంచి హోమ్‌కు 43 అడుగులు. మేడం తాడుకు ముడులు వేసి కొలిచింది. బ్యాట్లు రెండు, గ్లవ్స్ తొమ్మిది. ఫీల్డింగ్ చేసే టీంలో తొమ్మిది మందికీ గ్లవ్ కావాలి కాబట్టి, ఇన్నింగ్స్ మారినప్పుడల్లా మా గ్లవ్స్ అక్కడే నేల మీద వదిలేసేవాళ్లం, అవతలి పిల్లలు వచ్చి తొడుక్కునేవాళ్లు. ఎడమచేతితో విసిరే అమ్మాయి ఒకామె ఉండేది. గ్లవ్ కుడిచేతికి కావాలి, ఉన్నవన్నీ ఎడమచేతివే. బంతి పట్టి, గ్లవ్ పీకి, అప్పుడు విసిరేది. అయినా ఆమెను దాటి పోయిన బంతులు తక్కువ.

పిచ్చర్‌గా కుదిరింది మా గూడెం పక్క తండా పిల్ల. సాఫ్ట్‌బాల్‌లో బంతిని పైనుంచి కాదు, చెయ్యి గుండ్రంగా తిప్పి కిందినుంచి వెయ్యాలి. జొన్నచేలో పిట్టలు తోలడానికి ఒడిసెల తిప్పిన చెయ్యి ఆమెది, రెండు వారాల్లో పట్టేసింది. ఫీల్డింగ్‌లో సుగాలి పిల్లలు గోర్‌బోలిలో కేకలేసేవాళ్లు, అవతలి టీంకు ఒక్క ముక్క అర్థం కాకపోయేది. మేం చెంచు పిల్లలం కూడా ఆ నాలుగు మాటలు నేర్చుకున్నాం. ఒకసారి చూడ్డానికి వచ్చిన పెద్దమనిషి ఒకాయన, చెంచు పిల్లలంటే విల్లు కదా పట్టుకోవాలి, ఈ బ్యాట్లేంది అన్నాడు. మేడం నవ్వి ఊరుకుంది. మాకు నవ్వు రాలేదు.

అప్పటికి నంద్యాల జిల్లా లేదు, 2022 ఏప్రిల్‌లో కదా వచ్చింది. సెలెక్షన్లకు కర్నూలు పోవాలి. బస్సులో గ్లవ్స్ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాళ్లం. మొదటి ఏడాది మా బడి నుంచి జిల్లా టీంకు ఇద్దరు, తర్వాత ఐదుగురు. రాష్ట్ర పోటీలకు పోయినోళ్లు తిరిగొచ్చి చెప్పే సంగతులు స్టడీ అవర్‌లో వారం రోజులు నడిచేవి. గ్రౌండు ఎంత ఉంది, అన్నంలోకి ఏం పెట్టినారు, ఎవరి బూట్లు ఎట్లున్నాయి.

ఇప్పుడు అసలు మాట. ఈ ఆట వల్ల మా పిల్లల పెళ్లిళ్లు ఆగిపోయినాయని నేను అనను. అట్ల రాస్తే అబద్ధం. వెనక్కి జరిగినాయి, అంతే. మా సీనియర్ అక్క ఒకామెకు తొమ్మిదిలోనే సంబంధం చూసినారు. స్టేట్ మీట్‌కు పోవడానికి వాళ్ల నాయన అప్పటికే కాగితం మీద వేలిముద్ర వేసి ఉన్నాడు. పిల్ల ఊర్లో లేదు, వచ్చినాక చూద్దాం అన్నారు. వచ్చినాక పేపర్లో చిన్న ఫొటో పడింది. ఫొటో పడినాక పదో తరగతి కానీలే అన్నారు. ఒక్క ఏడాదే. ఆ ఏడాదిలో ఆమె పది పాసైంది. తర్వాత పెళ్లి అయింది, ఇప్పుడు మిరపకోతలకు పోతుంది, ఆ పది మెమో మీదనే ఏదైనా పోస్టు పడుతుందేమోనని చూస్తా ఉంది. ఆ ఏడాదికి ఎంత విలువ కట్టాలో మీరే చెప్పండి.

ఇంకోటి, చెల్లెళ్లు జాగ్రత్తగా వినండి. జిల్లా సర్టిఫికెట్, రాష్ట్ర సర్టిఫికెట్ చేతిలో ఉంటే ఉద్యోగం వచ్చేస్తుందనుకోవద్దు. కేంద్ర ప్రభుత్వ క్రీడా కోటా జాబితాలో సాఫ్ట్‌బాల్ ఉంది, కానీ బడి స్థాయిలో లెక్కలోకి వచ్చేది రాష్ట్రం తరఫున జాతీయ స్కూల్ గేమ్స్ ఆడితేనే. దానికి ఇచ్చేది ఫారం-4. మెడల్‌తో ఫొటో దిగి ఆ ఫారం తీసుకోకుండా వచ్చేసినోళ్లు ఉన్నారు. ఏళ్ల తర్వాత దానికోసం తిరగడం మామూలు కష్టం కాదు. గెలిచిన రోజే అడగండి.

మేడం మళ్లీ ట్రాన్స్‌ఫర్ అయింది. ఆమె జాగాలో చాన్నాళ్లు ఎవరూ రాలేదు. పై క్లాసు పిల్లలే కింది క్లాసు పిల్లలకు నేర్పుతా రెండేళ్లు లాగినారు. ఆ రెండేళ్లు నాకు మేడం ఉన్న రోజులకన్నా పెద్దవిగా కనిపిస్తాయి. బంతులు చినిగితే చెప్పులు కుట్టే పెద్దాయనతో కుట్టించుకున్నారు. తర్వాత అదీ ఆగింది.

పోయిన నెల బడికి పోయినాను, మా చెల్లెలి టీసీ కోసం. ఆఫీసులో పాత సామాన్లు లెక్క తీసేస్తా ఉన్నారు. స్టాకు రిజిస్టరులో "గ్లవ్స్ 9, బ్యాట్ 2" అని ఉంది, కొన్న తేదీ ఉంది, ధర ఉంది. ఎవరు ఆడినారో ఏ రిజిస్టరులోనూ లేదు. గ్లవ్స్ మూలన పడి ఉండినాయి. ఒకటి తీసి తిప్పి చూస్తే, లోపల మణికట్టు దగ్గర, బాల్‌పెన్నుతో పేర్లు. గ్లవ్ మాది అనిపించుకోవడానికి అందరం రాసుకునేవాళ్లం, మేడం తిట్టేది. ఒకరి పేరు కింద ఒకరి పేరు, తరగతి, సెక్షను. తొమ్మిదీ తిప్పి చూసి, నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. ముప్పై ఏడు పేర్లు. సార్‌ను అడిగితే రెండు గ్లవ్స్ ఇచ్చినాడు, మిగతావి కుదరదన్నాడు.

ఆ లిస్టు కింద కామెంటులో పెడతాను. మీ పేరు ఉంటే ఏ సంవత్సరం ఆడినారో, ఎందాక పోయినారో రాయండి. పాత ఫొటో, సర్టిఫికెట్ జిరాక్సు ఏది ఉన్నా పంపండి. ఫోన్ లేని అక్కల దగ్గరికి సంక్రాంతి సెలవుల్లో నేనే పోతాను, ఎవరైనా బండి మీద తోడు వస్తే మంచిది. ఒక పేరు మాత్రం చెమటకు చెరిగిపోయింది. మొదట "ర", పక్కన "9 బి" అంతే కనిపిస్తా ఉంది. క్యాచర్ గ్లవ్‌లో ఉంది. ఎవరో గుర్తుంటే చెప్పండి.